గోడకు చెప్పిన మాట

పెద్దసుబ్బయ్యకూ ఓబుళేశుకూ మాటల్లేవు. నాలుగేళ్లయింది.

ఇద్దరిదీ ఒకే ఊరు, అన్నదమ్ముల వరస, ఒకే చోట ఉద్యోగం. ఓర్వకల్లు దాటినాక రాళ్లగుట్టల నడుమ ఉన్న కరెంటు సబ్‌స్టేషన్‌లో పెద్దసుబ్బయ్య ఆపరేటరు. లైను ఆపేదీ ఇచ్చేదీ ఆయన చేయి. ఓబుళేశు లైన్‌మన్. తీగల మీద పని చేయించేది ఆయన. ఒకరు ఆపినానని చెప్పనిదే ఇంకొకరు తీగ ముట్టుకోకూడదు. అట్లాంటి ఇద్దరు మాట్లాడుకోరు.

కారణం వింటే ఒళ్లు మండుతుంది. పెద్దసుబ్బయ్య తన కూతురి పెండ్లికార్డు ఓబుళేశు ఇంట్లో ఇచ్చి వెళ్లినాడు. గడపలో నిలబడి నోటితో రమ్మని పిలవలేదు. "కార్డు పోస్టుమ్యాను గూడా ఇచ్చిపోతాడు" అని ఓబుళేశు పెండ్లికి పోలేదు. పోలేదని పెద్దసుబ్బయ్య పలకరించడం మానేసినాడు. అంతే.

ఆ ఇద్దరి నడుమ ఏసుబాబు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇద్దరు పిల్లల తండ్రి. స్తంభం ఎక్కేది అతనే. మాటలు మోసేదీ అతనే.

"ఏసూ, మూడో ఫీడరు లైను ఆపల్లని ఆయప్పకు చెప్పు."

ఆ ఆయప్ప పక్క కుర్చీలోనే టీ తాగుతుంటాడు.

"ఏసూ, యాడ పనో ఆయప్పను అడుగు."

ఏసుబాబు ఇటు అడిగి అటు చెప్పేవాడు. మొదట్లో ఇంటికిపోయి భార్య క్రిస్టినాకు చెప్పి నవ్వుకునేవాడు. పోనుపోను నవ్వు పోయింది. తన నోరు ఆఫీసు వాకిట్లో విడిచిన చెప్పుల మాదిరి అయింది. ఎవరికి అవసరమైతే వాళ్లు తొడుక్కుంటున్నారు.

ఏసుబాబు లేకుంటే గోడ ఉంది. మాటల్లేనివాళ్లు ఎదుటివాడు వినాల్సింది గోడకో గొడ్డుకో చెప్పడం ఆ ఊర్లలో ఉన్నదే. ఇండ్లల్లో అయితే కూర చల్లారుతుంది, అంతకు మించి నష్టం లేదు. వీళ్లు దాన్ని పదకొండు వేల వోల్టుల కిందికి తెచ్చినారు. "ఓ గోడా, లైను ఇస్తాండా" అంటాడు ఒకాయన. "ఓ గోడా, ఇచ్చుకోమను" అంటాడు ఇంకొకాయన. గోడ తిరిగి ప్రశ్న వేయదు. ఇద్దరికీ కావలసింది అదే.

వాళ్ల పై అధికారి ఏఈ భూపేష్ సారుకు ఇదంతా తెలుసు. తెలిసి ఏం చేసినాడంటే, అందరినీ కర్నూలు తీసుకపోయి టీమ్‌వర్క్ మీద క్లాసు పెట్టించినాడు. హైదరాబాదు నుంచి వచ్చినాయన అందరినీ గుండ్రంగా నిలబెట్టి దారపుండ ఇచ్చి, ఒకరినొకరు మెచ్చుకుంటూ విసరమన్నాడు. ఉండ ఓబుళేశు చేతికొచ్చింది. ఎదురుగా పెద్దసుబ్బయ్య. ఓబుళేశు దాన్ని ఏసుబాబుకు విసిరి, "ఆయప్పకియ్యి" అన్నాడు. అందరూ నవ్వినారు. సారు కూడా నవ్వి ఫోటో తీయించినాడు. తర్వాత బిర్యానీ పెట్టినారు.

గాలివాన కొట్టిన మరునాడు ఒకే ఫీడరు మీద రెండు చోట్ల పని పడింది. సబ్‌స్టేషన్ దగ్గరే తీగ మీద వేపకొమ్మ విరిగిపడింది. అది ఓబుళేశు తీయిస్తానన్నాడు. గుట్ట అవతల చేలల్లో ఒక స్తంభం మీద తీగను మోసే పింగాణీ పగిలింది. అది ఏసుబాబు మార్చాలి. ఏసుబాబు ఫోన్ చేసి, రెండు చోట్లా పని ఉందని పెద్దసుబ్బయ్యకు చెప్పి, తన పేరు మీదే లైను ఆపించినాడు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేటట్టు ఎర్త్ రాడ్లు తీగకు తగిలించి, నడుముకు బెల్టు కట్టుకొని స్తంభం ఎక్కినాడు.

వేపకొమ్మ పని తొందరగా తేలింది. ఓబుళేశు సబ్‌స్టేషన్‌లోకి వచ్చి, గోడ వైపు తిరిగి, "ఓ గోడా, నా పని అయిపాయ" అని, అన్నం తినను పోయినాడు. పెద్దసుబ్బయ్యకు మోటార్ల రైతులు ఒకటే ఫోన్లు. గుట్ట అవతల మనిషి దిగినాడా అని ఒక్క మాట అడగాలి. అడగాలంటే ఓబుళేశు మొహం చూడాలి. చూడలేదు. లైను ఇచ్చినాడు.

గేటు దగ్గర ఊడుస్తున్న విశ్వాసమ్మ ఇదంతా విన్నది, చూసింది. గోడ పాటి మనిషిగా కూడా ఆమెను లెక్కపెట్టలేదు వాళ్లు.

స్తంభం మీద పిడుగు పడినట్టయింది. ఎర్త్ రాడ్లు ఉన్నందుకు లైను ట్రిప్పయి దానికదే ఆగిపోయింది, ఏసుబాబు బతికినాడు. ఎడమచేయి మోచేతి దాకా కాలింది. బెల్టుకు తలకిందులుగా వేలాడుతుంటే చేలల్లోని కూలోళ్లు దించినారు.

కర్నూలు పెద్దాసుపత్రికి ఇద్దరూ వచ్చినారు, వేరువేరుగా. ఒకాయన కమలాపండ్లు తెచ్చినాడు, ఇంకొకాయన బ్రెడ్డు. మంచానికి ఆ పక్కొకరు ఈ పక్కొకరు కూర్చున్నారు. "ఎట్లుండాదిరా ఏసూ?" అని ఇద్దరూ అడిగినారు. ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. క్రిస్టినా కమలాలనూ బ్రెడ్డునూ పక్క మంచమోళ్లకు ఇచ్చేసింది.

కట్టు విప్పకముందే భూపేష్ సారు ఏసుబాబును ఆఫీసుకు పిలిపించినాడు. ముందే వచ్చి కూర్చున్నారు ఇద్దరూ.

"చూడు ఏసుబాబూ," అన్నాడు సారు మెత్తగా. "వీళ్లిద్దరూ పెద్దోళ్లు, రిటైర్‌మెంటు దగ్గర్లో ఉండారు. లైను నీ పేరు మీద ఆపించుకుంటివి. పని కాలేదని చెప్పేది నీ బాధ్యతే. సమాచారంలో పొరపాటు నాదేనని ఒక మాట ఒప్పుకో. సోమవారం నుంచి నీ పని నీకుంటది."

"ఒప్పుకోకపోతే?"

"నీది కాంట్రాక్టు కదప్పా. నా చేతిలో ఏముండాది."

ఏసుబాబు కాలిన చేతిని బల్ల మీద పెట్టినాడు. "చేతులు రెండూ స్తంభం మీద ఉన్యాయి సార్. ఫోను ఏ చేత్తో పట్టుకోవల్ల? నాకు వీళ్లతో పని లేదు. ఆ పొద్దు ఎవరు ఎవరికి ఏం చెప్పినారో వీళ్లనే ఒకరికొకరిని చెప్పుకోమనండి."

సారు ఇద్దరి వైపు చూసినాడు. ఓబుళేశు గొంతు సవరించుకొని, "ఏసూ, నా పని మాత్రమే అయిందంటి అని ఆయప్పకు చెప్పురా" అన్నాడు.

ఏసుబాబు పలకలేదు.

"ఏసూ, అందరి పనీ అనుకుంటి అని ఆయప్పకు చెప్పు" అన్నాడు పెద్దసుబ్బయ్య.

ఏసుబాబు కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. సారు చూపు బల్ల మీదికి దించినాడు. తను నవ్విన క్లాసు ఆయనకు గుర్తొచ్చిందేమో.

"చెప్పురా," అన్నాడు ఓబుళేశు. ఏసుబాబు కిటికీలోంచి గుట్టను చూస్తూ కూర్చున్నాడు.

ఓబుళేశు మెడ నరాలు లేచినాయి. గిర్రున పెద్దసుబ్బయ్య వైపు తిరిగినాడు. "వాడు దిగినాడా అని ఒక్క మాట అడిగితివా సుబ్బన్నా?"

"దిగలేదని నువ్వు చెప్తివా?" అన్నాడు పెద్దసుబ్బయ్య. "గోడకు చెప్పి పోతివి కదప్పా."

"గోడ మాట వినే కదా లైను ఇస్తివి."

నాలుగేళ్ల తర్వాత నోళ్లు కలిసినాయి. ఒక మనిషి చేయి కాలితే గానీ కలవలేదు. సారు వద్దు వద్దన్నా ఇద్దరూ అంతా కక్కేసినారు, పెండ్లికార్డుతో సహా.

ఇక ఒప్పుకోమని ఏసుబాబును ఎవరూ అడగలేదు. "సోమవారం రా," అన్నాడు సారు తల వంచుకొని.

"చేయి పట్టు కుదిరినాక వస్తా సార్. వీళ్లు ఒకరికొకరు ఫోను చేసుకునేది నా చెవులతో విన్నాకనే ఎక్కుతా. వినబడకుంటే కిందనే కూర్చుంటా."

చేయి మాని, వేళ్లు కొంచెం బిగుసుకొని, అతను మళ్లీ పనిలో చేరినాడు. మొదటి స్తంభం కింద ఓబుళేశు ఫోను తీసి స్పీకరు పెట్టినాడు.

"సుబ్బన్నా, మూడో ఫీడరు ఆపల్ల. ఏసు ఎక్కుతాండాడు."

"ఒగడేనా? ఇంకెవరన్నా ఉండారా?"

"ఒగడే. వాడు దిగి, వాడే చెప్పిందాక ఇయ్యొద్దు."

"ఇయ్యను. ఆపినా. ఎక్కమను."

ఓబుళేశు ఫోను జేబులో పెట్టుకొని, "వింటివి కదరా, చాలునా?" అన్నాడు చిన్న నవ్వుతో.

ఏసుబాబు తిరిగి నవ్వలేదు. లైను చచ్చిందో లేదో తనే పరీక్ష చేసుకున్నాడు. ఎర్త్ రాడ్లు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. బెల్టు బిగించుకొని ఎక్కినాడు.