నూడుల్ అలిగిన కార్తీకం

పాము కళ్ళలోకి ఒక్కసారి చూస్తే చాలు, దాని కడుపులో ఏముందో చక్రపాణి చెప్పేస్తాడు. అమెరికాలోని ఈ క్యారీ ఊరంతా గాలించినా ఇంతటివాడు ఇంకొకడు దొరకడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, చక్రపాణే. నాగుల చవితినాడు కొడుకు శ్రీధర్ ఇంటికి పాలగిన్నెలతో వచ్చిన పన్నెండుమంది ఆడవాళ్ళ ఎదుట అన్నాడు.

వాళ్ళు ఊరికే రాలేదు. ఆ చుట్టుపక్కల పుట్టలు లేవు. శ్రీధర్ ఇంట్లో మాత్రం గాజుపెట్టెలో నిజమైన పామే ఉంది. మనవరాలు అవని పెంచుకుంటున్న చిన్నజాతి కొండచిలువ, మూడడుగులుంటుంది, పేరు నూడుల్. పదమూడేళ్ళ అవని పెట్టెకు అడ్డంగా నిలబడి, "ఆంటీ, ప్లీజ్, పాలు వద్దు. దానికి అరగవు. దండం పెట్టుకోండి చాలు" అని బతిమాలింది.

ఆ పండగ వెళ్ళిన దగ్గర్నుంచి నూడుల్ తిండి మానేసింది. వారానికో ఎలుకను గుటుక్కున మింగేది కాస్తా, ఇప్పుడు ముందు పెడితే తల తిప్పుకుంటోంది. సాయంత్రాలు పెట్టెంతా తిరిగేది, చెక్క గూట్లో దూరి బయటికే రావడం లేదు. మూడు వారాలైంది. అవని కూడా కంచం ముందు కెలుకుతూ కూర్చుంటోంది.

"వచ్చే ఆదివారం దాకా చూద్దాం," అన్నాడు శ్రీధర్. "అప్పటికీ తినకపోతే పాముల్ని సాకే రెస్క్యూ వాళ్ళకి ఇచ్చేద్దామమ్మా. మన ఇంట్లో చచ్చిపోతే నువ్వు తట్టుకోలేవు."

"తాతా, నువ్వు కళ్ళు చూసి చెప్తావు కదా! చెప్పు."

చక్రపాణి కళ్ళద్దాలు సర్దుకుని గూట్లోకి చూశాడు. నూడుల్ కూడా ఆయన్ని చూసింది.

"అలిగింది," అన్నాడు.

"అలగడానికి అదేమైనా నాన్నమ్మా?"

ఆ శనివారమే తాతా మనవరాలూ శ్రీధర్ నడిపే కార్‌లో పాముల్ని చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నూడుల్ నోరు చూసింది, ఊపిరి విన్నది, తూచింది. ఆవిడ ఇంగ్లీషు చక్రపాణికి సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది.

"జబ్బేమీ లేదు, బరువూ పెద్దగా తగ్గలేదు. తిన్నది అరగాలంటే పాముకి ఒంటికి వేడి తగలాలి. చల్లగా ఉంటే ముట్టదు, దాక్కుంటుంది. ఈ మూడు వారాల్లో ఏం మారింది?"

"ఏం మారలేదు," అంది అవని. "లైట్ వెలుగుతోంది. కింద వేడికి హీట్ మ్యాట్ కూడా ఉంది."

చక్రపాణికి అప్పుడు గుర్తొచ్చింది. పండగనాడు సీరియల్ లైట్లకి చోటు కావాలని పెట్టె వెనక ప్లగ్గొకటి పీకింది తనే. నల్ల అట్టలాంటి ఆ వస్తువు వెలగడం లేదు. వెలగనిదానికి కరెంటు దండగనుకున్నాడు. కార్తీకమంతా దీపాలుండాలని మళ్ళీ పెట్టనూ లేదు. ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు, ఇంటికెళ్ళి గుట్టుగా పెట్టేయొచ్చు. కానీ ఎదురుగా పిల్ల, తప్పంతా తనదేనేమోనని వేళ్ళు నలుపుకుంటోంది.

"ఆ మ్యాట్ ప్లగ్ నేనే పీకాను తల్లీ."

"వాట్! తాతా, నీకు పాముల గురించి అన్నీ తెలుసన్నావు!"

"ఏం తెలుసే నా మొహం! మా ఊళ్ళో పాము కనిపిస్తే చింతచెట్టు ఎక్కేవాణ్ణి. పాములూ చెట్టెక్కుతాయని దిగాక తెలిసింది."

కోపంగా చూడబోయిన అవని ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది.

వేడి థర్మామీటరుతో కొలవమనీ, వారంపాటు నూడుల్‌ని ముట్టుకోవద్దనీ, పెట్టెకు మూడువైపులా గుడ్డ కప్పమనీ డాక్టరమ్మ చెప్పింది.

కార్‌లో చక్రపాణి కొడుకు భుజం తట్టాడు. "గడువు పెంచరా. తప్పు నాది. ఇవ్వాల్సొస్తే రెస్క్యూకి నన్నివ్వు."

"నిన్నెవరు తీసుకుంటారు నాన్నా!" అని శ్రీధర్ రెండు వారాలు ఇచ్చాడు.

పదోరోజు సాయంత్రం నూడుల్ గూట్లోంచి తల బయటపెట్టింది. నాలుక ఆడించింది. ఫ్రీజర్‌లోంచి తీసి వెచ్చబెట్టిన ఎలుకను అవని పట్టకారుతో అందించింది. ఒక్క నిమిషం కదలలేదు. ఆ తర్వాత చటుక్కున అందుకుని చుట్టేసింది. ఇల్లంతా చప్పట్లు మారుమోగాయి.

చప్పట్లు మాత్రం నేను కల్పించినవి. అవని నోటిమీద వేలేసుకుని నిలబడితే, శ్రీధర్‌కి గానీ చక్రపాణికి గానీ దగ్గే ధైర్యం కూడా లేకపోయింది.