బామ్మగారి చాప ముందు రంపై నడక

లంపాంగ్ ఊరి బజారులో థవిల్‌ది పట్టుబట్టల కొట్టు. సరుకు గది వెనకాల ఉంటుంది. ఆ గది గుమ్మం పక్కనే చాప పరుచుకుని థవిల్ వాళ్ళమ్మ ప్రయోంగ్ బామ్మ కూర్చుంటుంది. కుర్చీ వద్దంటుంది, పీటా వద్దంటుంది, నేలే కావాలి. ఆవిడ ముందు నుంచి దాటేవాళ్ళెవరైనా ఆవిడ తలకంటే తమ తల కిందికి దించి దాటాలి. లేకపోతే పెంపకం లేని మనిషి అంటారు.

పదకొండేళ్ళుగా ఆ కొట్లో పనిచేసే రంపై రోజుకి ఎనభైసార్లు, చంకలో పట్టు తానుతో, నడుము రెండుగా మడిచి ఆ చాప దాటుతోంది. ముప్పై నాలుగేళ్ళకే మెడ ముందుకి వచ్చేసింది, వీపుకి గూని వచ్చింది, తల దువ్వుకుందామంటే కుడి చెయ్యి లేవడం లేదు.

అందుకే ఇంట్లో కసరత్తు మొదలుపెట్టింది. ఋషులు ఒళ్ళు సాగదీసే భంగిమల పటం గోడకి అంటించింది. పొద్దున్నే లుంగీని చుట్టగా చుట్టి వీపు కింద పెట్టుకుని పడుకోవడం, చీపురుకర్ర భుజాల మీద అడ్డంగా పెట్టుకుని గొంతుక్కూచోవడం, ఆ తర్వాత మడమలు, పిరుదులు, భుజాలు, తల అన్నీ గోడకి ఆనించి నిలబడటం. తల మాత్రం ఆనదు, మధ్యలో మూడువేళ్ళ సందు.

పక్కింటి బున్‌మా తాత ముప్పై ఏళ్ళు గుడి దగ్గర ఒళ్ళు పట్టే పని చేసిన మనిషి. కంచె మీంచి చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"పిల్లా, గోడకి ఆనుకుంటున్నావా, గోడని తోస్తున్నావా?"

"తల ఆనట్లేదు తాతా."

"గడ్డం వెనక్కి లాక్కో. కుళ్ళిన చేప ముక్కు దగ్గర పెట్టారనుకో."

మూడు వారాలకి తల ఆనింది. సాయంత్రం కొట్టు నుంచి వచ్చి చూసుకుంటే మళ్ళీ మూడువేళ్ళ సందు.

"పొద్దున నువ్వు తిన్నగా చేస్తున్నావు, పగలంతా ఆ ముసలమ్మ వంచేస్తోంది," అన్నాడు తాత. "ఇలాగే పోతే యాభై దాటేసరికి నేల తప్ప ఇంకేం కనపడదు నీకు. ఆ పని మానెయ్."

"పనెందుకు మానాలి? పట్టు చూసి అది ఏ నేతో చెప్పడం ఆ కొట్లో నాకు తప్ప ఎవరికొచ్చు? పనీ నాదే, నడుమూ నాదే."

ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించింది. దించాల్సింది తల కదా, మధ్యలో నడుమెందుకు వంగాలి? మర్నాటి నుంచి కర్ర భుజాల మీద పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు మడిచి వంటింటి నుంచి వాకిలి దాకా నడిచింది. తొడలు మిరపకాయ పూసినట్టు మండాయి. రెండుసార్లు తూలి, అన్నం పెట్టే బుట్ట మీద పడింది. అయినా నడిచింది.

సోమవారం కొట్టు నిండా జనం. జరీ తాను తీసుకుని సరుకు గదిలోంచి బయల్దేరింది.

"వంగవే అక్కా," అని గొణిగింది కొట్లో తోటి పనిపిల్ల ఉబోన్.

రంపై మోకాళ్ళు మడిచింది. వీపు నిటారుగా, గడ్డం లోపలికి, బాతులా అడుగులేస్తూ చాప ముందుకి వచ్చింది. ఉబోన్‌కి కిసుక్కున నవ్వొచ్చేసింది.

"ఏంటే ఆ బాతు నడక?" అంది బామ్మ. "నన్ను వెక్కిరిస్తున్నావా?"

"లేదు బామ్మగారూ. నా తల మీ తలకంటే కిందే ఉంది, చూసుకోండి."

"నడుము వంచాలే."

"మా అమ్మ తల దించమనే నేర్పింది. నడుము మాట ఎప్పుడూ అనలేదండీ."

థవిల్ పరిగెత్తుకొచ్చాడు. "రంపై, అమ్మకి క్షమాపణ చెప్పు."

"దేనికండీ? మర్యాదలో ఏం తక్కువ చేశాను?"

బామ్మ ఆగమంది, పొమ్మనలేదు. రంపై లేవలేదు, ఆవిడ ముందు లేచి నిలబడితే నిజంగానే తప్పవుతుంది. తొడలు వణికాయి, చెమట కారింది, వీపు మాత్రం వంచలేదు. జరీ తాను కోసం వచ్చిన ఆవిడ అటునుంచి తొంగిచూసింది.

"తాను నలుగుతోంది. పో," అంది బామ్మ చివరికి.

రంపై తాను కొనడానికొచ్చినావిడకి ఇచ్చింది. ఆవిడకి ఆకుపచ్చది కూడా కావాలట. మళ్ళీ వెనక్కి రావాలి. చాప దగ్గరికి వచ్చేసరికి బామ్మ కావాలనే గోడకి జారబడి, ఇంకాస్త కిందికి కుంగి కూర్చుంది. రంపై ఒకసారి చూసింది. ఇంకాస్త కిందికి దిగింది, వీపు నిటారుగానే ఉంచి.