ఫిల్టర్ మీద దసరా బొట్టు

కారు నడిపే మగవాళ్ళలో నూటికి తొంభై మందికి బానెట్ ఎత్తడమంటే నామోషీ. బండి నడిదారిలో ఆగిపోతే తప్ప దాని జోలికి పోరు. పద్మలత మాత్రం రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే బానెట్ ఎత్తుతుంది. ఆయిల్ చూసే పుల్లను బయటికి లాగి, తెల్లటి పాత పంచె ముక్కతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి, తీసి చూస్తుంది. చివరనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, అప్పుడు గానీ చేయి కడుక్కోదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళుండే సందులో ఎదురింటివాళ్ళు మొదట్లో ముసిముసిగా నవ్వేవారు. నవ్వి నవ్వి వాళ్ళకే విసుగొచ్చి మానుకున్నారు.

ఈ విద్య తండ్రి బక్కయ్య ఇచ్చిన ఆస్తి. ఆయన హయత్‌నగర్ బస్సు డిపోలో ముప్పయ్యేళ్ళు మెకానిక్‌గా చేసి, ఇంకే ఆస్తీ ఇవ్వకుండా పోయాడు. "మీటరు అబద్ధమాడుతది బిడ్డా. ఆయిల్ ఆడదు. దాన్నే అడుగు" అనేవాడు. దసరాకు ఆయుధపూజ నాడు పానాల దగ్గర్నుంచి ఫిల్టర్ల దాకా అన్నిటికీ తన చేత్తో బొట్టు పెట్టేవాడు. పద్మలత ఆ అలవాటునూ వదల్లేదు. కిందటి దసరాకు ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయించి, కారును కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళింది. పూజారి బానెట్‌కు పెట్టగా మిగిలిన నూనె సింధూరాన్ని ఆకులో అడిగి తెచ్చుకుని, స్టీరింగ్‌కు, బ్యాటరీకి, జాకీకి, ఇంజన్ పక్కన చిన్న డబ్బాలా బిగించి ఉండే ఆయిల్ ఫిల్టర్‌కు కూడా బొట్టు పెట్టింది.

"దేవుడు గంత లోపలికి వంగి చూస్తడా ఏంది" అని భర్త జైపాల్ నవ్వాడు.

నవ్వుతాడు మరి. ఆయనది హైవే బండి. ఎల్‌బీ నగర్‌లో జనాన్ని ఎక్కించుకుని విజయవాడ పోయి వచ్చే క్యాబ్. పదివేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పించాలి, అంతకు ముందు మార్పించేవాడు అమాయకుడు అన్నది ఆయన వేదం. పద్మలతది వేరే బండి. వెనక ఎర్రటి ఎల్ అక్షరం అతికించిన చిన్న పాత కారు. దాని మీద ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతుంది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ కారు మొదటి గేరులో మూలుగుతుంది, రెండో గేరులో ఎగురుతుంది, ఆగుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. గంటసేపు ఇంజన్ నడిస్తే బండి కదిలేది ఏడెనిమిది కిలోమీటర్లు. ఇంజన్ పడే పాట్లు మీటరుకు ఎక్కవు. ఇంట్లో ఆడవాళ్ళ పని లెక్కలోకి రానట్టే అదీను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పుల్ల తీసి చూస్తే ఆయిల్ తారులా ఉంది. వేళ్ళ మధ్య జారాల్సింది గరగరలాడింది. కాలిన వాసన.

"ఆయిల్ మార్పియ్యాలె" అంది చాయ్ తాగుతున్న జైపాల్‌తో.

"దసరాకు మార్పిచ్చినం గదా. మీటర్ల ఐదు వేలు గూడ దాటలె."

"ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూడు, కిలోమీటర్లు గాదు."

"ఎనిమిదేండ్ల సంది విజయవాడ రోడ్డు కొడుతున్న. నాకు జెప్తవా ఆయిల్ సంగతి?"

"కడుపుతోని ఉన్నదాన్ని ఎన్ని నెలలని అడుగుతరు గాని, ఎన్ని అడుగులు నడిచినవని అడుగుతరా?" అంది పద్మలత.

జైపాల్ చాయ్ గ్లాసు టక్కున పెట్టి లేచాడు. వారం రోజులు ఇదే రభస నడిచింది. చివరికి ఒకనాడు తానే కారు తీసుకుని ఎల్‌బీ నగర్‌లో ధర్మేందర్ షెడ్డుకు పోయి, సాయంత్రం తెచ్చి తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పిచ్చిన. ఇగ నా పానం తియ్యకు" అన్నాడు.

మరునాడు పొద్దున పుల్ల తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది. పద్మలత ధర్మేందర్‌కు ఫోన్ చేసింది.

"పాత ఇంజన్ గదా వదినె. లోపలి మసి అంత కొత్త ఆయిల్ల కలుస్తది. ఒక్క దినంల నల్లగైతది" అన్నాడతను.

అందులో అబద్ధం లేదనిపించింది. నాన్న డిపోలో డీజిల్ బస్సులకు కొత్త ఆయిల్ పోసిన గంటకే నల్లబడడం ఆమె చిన్నప్పుడు చూసిందే. కానీ ఇది పెట్రోల్ బండి. పైగా వేళ్ళ మధ్య ఆ గరగర అలాగే ఉంది. రంగు అబద్ధం చెప్పొచ్చు గానీ ఆ గరగర చెప్పదు. ఇద్దరు మగవాళ్ళు మార్చామంటుంటే నా వేళ్ళు ఎంత అనుకుంది. తెలిసి తెలిసి నోరు మూసుకుంది.

పది రోజుల తర్వాత స్టీరింగ్ ముందు అండాలమ్మ కూర్చుని ఉంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా హయత్‌నగర్ మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతున్న మనిషి. యాభైకి దగ్గర. కిరాయి ట్రాలీ డ్రైవర్ చెప్పిన వేళకు రాడు, వచ్చేసరికి కొత్తిమీర వాడిపోతుంది. అందుకని తానే ఒక చిన్న ట్రాలీ కొని తానే నడుపుకుంటానని పంతం పట్టింది. చుట్టాలు నవ్వారు. నవ్వినా పద్దెనిమిది రోజులు పొద్దున్నే బస్సెక్కి వచ్చి నేర్చుకుంది. సోమవారం లైసెన్స్ టెస్ట్.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీదికి తిరుగుతుండగా అండాలమ్మ అంది, "మేడం, గీడ ఎర్రలైటు ఒచ్చింది. కొమ్ముచెంబు లెక్క ఉన్నది."

పద్మలత ఎడమవైపు మీదికి వస్తున్న బస్సును చూస్తోంది. "గది ఆయిల్ లైటే అక్కా, ఆయిల్ మొన్ననే మార్పిచ్చినం. గది వైరు లూజయ్యి ఒస్తది. నువ్వు రోడ్డు చూడు."

కొంచెం దూరం పోయాక అండాలమ్మ మళ్ళీ అంది, "ఇంజన్ల టకటక ఇనొస్తుంది మేడం. జర ఆపుదమా?"

"నువ్వు నేర్చుకునేది నడుపుడు, రిపేరు గాదు. బస్సు చూడు, బస్సు."

మరో నిమిషానికి లోపల ఏదో పట్టేసినట్టయింది, పెద్ద చప్పుడుతో కారు రోడ్డు నడుమ ఆగిపోయింది. వెనక ఆంధ్రా ఊళ్ళకు పోయే బస్సులన్నీ ఒకేసారి హారన్లు మొదలుపెట్టాయి. బైకు మీద ఒకడు "ఆడోళ్ళకు బండిస్తే గంతే" అని పోయాడు. పద్మలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. బైకువాడు దొరకలేదు. పక్కన అండాలమ్మ దొరికింది. అత్త మీది కోపం దుత్త మీద పడింది.

"క్లచ్చి మీదికెల్లి కాలు తియ్యమని ఎన్నిసార్లు జెప్పిన? ఫస్ట్ గేర్ల గుంజుడే గుంజుడు. నా బతుకుదెరువు తెచ్చి రోడ్డు మీద వెట్టినవ్ గదనే."

అండాలమ్మ స్టీరింగ్ మీద తన చేతి చెమట కొంగుతో తుడిచి, దిగి, రోడ్డు దాటి బస్సెక్కింది. సోమవారం టెస్ట్‌కు రాలేదు. పద్మలత ఫోన్ చేస్తే, "నాకొద్దు మేడం. నా చేతులు మంచియి గావు" అని పెట్టేసింది.

మంగళవారం పద్మలత షెడ్డుకు పోయింది. ధర్మేందర్ ఇంజన్ కిందికి దించి ఆయిల్ చాంబర్ విప్పి పెట్టాడు. అడుగున ఆయిల్ ముదురుపాకంలా గడ్డకట్టి ఉంది. జైపాల్ ముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆడోళ్ళు నేర్చుకునే బండి గదా వదినె. గుంజి గుంజి ఇంజన్ పట్టిచ్చిన్రు" అన్నాడు ధర్మేందర్.

"గా కూరగాయలామెనే ఖతం జేసింది. మార్కెట్ల బండి ఆపినప్పుడల్ల అందరికీ జెప్పిన. ఎవలు నేర్చుకోమన్నరు ఆమెను" అన్నాడు జైపాల్.

పద్మలత వాళ్ళ వైపు చూడలేదు. ఇంజన్ పక్కనే బిగించి ఉన్న ఫిల్టర్‌ను చూస్తోంది. మసి పట్టిన ఆ డబ్బా మీద, బొటనవేలంత మేర, ముదురు నారింజ రంగు మరక. ఆమె పంచె ముక్క తీసి మసి తుడిచింది. నూనె సింధూరం అంత తొందరగా పోదు. తన వేలిముద్ర గీతలు కూడా అందులో కనిపిస్తున్నాయి.

పద్మలతకు నిజంగా కోపం వస్తే గొంతు తగ్గిపోతుంది. "ధర్మేందర్, గిదేంది?" అంది మెల్లగా.

"ఫిల్టర్ వదినె."

"దాని మీద?"

ధర్మేందర్ వంగి చూశాడు. "బొట్టు లెక్క ఉన్నది."

"నేను దసరాకు వెట్టిన బొట్టు. మొన్న నువ్వు మార్చిన కొత్త ఫిల్టర్ మీదికి ఎట్ల ఒచ్చింది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. ధర్మేందర్ చేతిలో పానా అటూ ఇటూ మార్చుకుని జైపాల్ వైపు చూశాడు. జైపాల్ రోడ్డు మీద మెట్రో స్తంభం వైపు చూశాడు.

"అన్ననే జెప్పిండు వదినె. పైకెల్లి జర పోసి, మార్చిన అని జెప్పుమన్నడు."

"ఐదు వేలు గూడ తిరగలె" అన్నాడు జైపాల్, ఇంకా అదే పాట. "దినాం గా పుల్ల పట్టుకొని పరేషాన్ జేస్తున్నవని, నీ మనసు నిమ్మలమైతదని అట్ల అన్న. ఇంత అయితదని నాకేం తెలుసు."

"తెల్వదు. నీకు తెల్వదు, నాకు తెలుసు. తెలిసినదాని నోరు మూపిచ్చినవు. నమ్మనని మొఖం మీద జెప్తే ఇంకో షెడ్డుకు వోతుంటి గదా. నమ్మినట్టు నటించి నా ఇంజన్‌ను పాడుబెట్టినవు. మూడు దినాల సంది గా ఆడమనిషి పేరు జెప్పుకుంట తిరుగుతున్నవు. నీకు సిగ్గు లేదా?"

పద్మలత ఇంకా అనాలని నోరు తెరిచింది. అప్పుడే కొమ్ముచెంబు గుర్తొచ్చింది. గీడ ఎర్రలైటు ఒచ్చింది మేడం. టకటక ఇనొస్తుంది మేడం. జర ఆపుదమా?

రెండుసార్లు చెప్పింది. పద్దెనిమిది రోజులే నేర్చుకున్న మనిషి కళ్ళతో చూసి, చెవులతో విని, ఆపుదామంది. ఆపి ఉంటే ఇంజన్ బతికేది. జైపాల్ తనను ఎంత నమ్మాడో, తాను అండాలమ్మను అంతే నమ్మింది. ఒక్క తేడా కూడా లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, తన పిడికిలి కూడా నిండుగానే ఉంది. పద్మలతకు మొగుడి మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద తనకు అంతకు రెట్టింపు వచ్చింది.

"ఫిల్టర్ ఇప్పు" అంది ధర్మేందర్‌తో. విప్పి ఇచ్చాక పంచె ముక్కలో చుట్టుకుంది. "లేవు. బండి తియ్యి" అంది జైపాల్‌తో.

"ఏడికి?"

"హయత్‌నగర్ మార్కెట్‌కు. ఆమె చేతులు మంచియి గావని ఎవలెవలి ముందర అన్నవో వాళ్ళందరి ముందర తప్పు నీదని నువ్వు జెప్పాలె."

"కూరగాయలామెకు నేనేంది జెప్పేది?"

పద్మలత ఫిల్టర్ మూటతో పోయి క్యాబ్ పక్కన నిలబడింది. జైపాల్ లేచి క్యాబ్ తీశాడు.

అండాలమ్మ కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది. అటూ ఇటూ దుకాణాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. పద్మలత ఫిల్టర్‌ను టమాటాల పక్కన పెట్టి, బొట్టు చూపించి, జరిగిందంతా గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది. జైపాల్ టమాటాలను చూస్తూ, "ఆయిల్ మార్పియ్యలెనమ్మా. తప్పు నాది. నీది గాదు" అన్నాడు.

"మంచిది బిడ్డా" అంది అండాలమ్మ. ఆ రెండు మాటలతో ఆయన్ను పక్కన పెట్టేసింది. తర్వాత పద్మలత వైపు తిరిగింది.

"సారుకు నేనెవల్నో ఎరుక లేదు మేడం. ఆయన అన్నదానికి నాకేం బాధ లేదు. లైటు జూపిచ్చింది నీకు."

పద్మలత దగ్గర దానికి సాకు లేదు. వెతకలేదు కూడా. "అవునక్కా. నువ్వు చూసినవు. నువ్వు ఆపుదమన్నవు. నేను ఇనలె. పైకెల్లి నిన్నే అన్న."

అండాలమ్మ తక్కెడ అందుకుంది. ఇద్దరు ముగ్గురు బేరాలకు వచ్చి, తూకం వేయించుకుని పోయారు. పద్మలత నిలబడే ఉంది. చివరికి జైపాల్ చేతిలోంచి తాళం చెవి లాక్కుని అండాలమ్మ ముందు పెట్టింది.

"నా బండి లేసేదాక గిదే నీ బండి. ఇంకో టెస్ట్ డేటు తీసుకుందం. ఇయ్యాల్నే మొదలువెడుదం."

అండాలమ్మ పక్క దుకాణం ఆమెకు తన దుకాణం చూడమని చెప్పి లేచింది. క్యాబ్ దాకా నడిచి వచ్చి డ్రైవర్ తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఇంజన్ జర సల్లవడనీ మేడం. ముందుగాల ఆయిల్ చూస్త."

"ఎనిమిది వేలే తిరిగింది, ఇంకా రెండు వేలు..." అని మొదలుపెట్టిన జైపాల్, పద్మలత ముఖం చూసి ఆపేశాడు. బానెట్ ఎత్తాడు. ఎత్తి, పుల్ల ఎక్కడుందో తెలియక ఇంజన్‌లోకి వెతుక్కుంటూ నిలబడ్డాడు. అండాలమ్మ అతన్ని పక్కకు జరగమని, పంచె ముక్క కోసం పద్మలత వైపు చెయ్యి చాపింది.