ఖాళీ చేసిన వీధి

తడిసిన సున్నపురాయి వాసన. దాని మీద, ఏ వంటింట్లోంచో, మాడిన రొట్టె వాసన.

వాన తెల్లవారకముందే వెలిసింది. హెల్మ్‌కోంబ్ వీధి నల్లగా మెరుస్తోంది — వంతెన దగ్గర్నుంచి పాత మఠం గేటు దాకా. ఒక్క కారు లేదు. ఒక్క చెత్తడబ్బా లేదు. పబ్బు ముందు ధరల బోర్డు కూడా లేదు.

నెవిల్ ప్రాటెన్ మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగించి నిలబడ్డాడు.

ఈ ఖాళీ కోసం ఏడాది తిరిగాడు. గడప గడపకీ తిరిగాడు. ఈ ఊరి మీద, ఊరి చివర మఠం మీద ఫొటోల పుస్తకం వేస్తున్నాడు. సన్యాసినులు వెళ్లిపోయి ఐదు వందల ఏళ్లు కావస్తోంది. వాళ్ల రాళ్లు మాత్రం కదల్లేదు. ఆ రాళ్లకీ అతని కెమెరాకీ మధ్య ఎప్పుడూ ఏదో ఒక కారు.

చివరికి ఊరు ఒప్పుకుంది. ఒక్క ఆదివారం. పొద్దున్న పది దాకా. బళ్లన్నీ వంతెన అవతల గడ్డినేలలో పెట్టారు.

"పది దాటితే నా వ్యాను నాక్కావాలి బాబూ," అంది పబ్బు నడిపే గ్లెండా, గుమ్మంలో చేతులు కట్టుకుని. "బీరు పీపాలు నెత్తిన పెట్టుకు రమ్మంటావా ఏం? పైగా మమ్మల్ని కూడా దాక్కోమన్నావు. నీ బొమ్మలో ఊరంతా చచ్చిపోయినట్టుంటుంది."

"లోపలికెళ్లండి గ్లెండా గారూ. మీ తల పడుతోంది."

"నా తల కూడా పాతదేగా నాయనా! పడనీ."

గొణుక్కుంటూ తలుపేసుకుంది.

వీధి ఖాళీగా ఉంది.

అతను వెలుగు కోసం చూస్తున్నాడు. ఎండ తూర్పు కొండ దాటగానే ఇక్కడి గోడలన్నీ తేనెరంగుకి తిరుగుతాయి. కాసేపే. తర్వాత మామూలు గోడలు.

ఎండ కొండ దాటింది. మఠం గోడ మీద పడింది. ఇళ్ల మీదికి పాకుతోంది...

అప్పుడే వంతెన మీంచి అంబులెన్సు.

కూత లేదు. తొందర లేదు. నింపాదిగా వచ్చి, వీధి మధ్యలో, సరిగ్గా కెమెరాకి ఎదురుగా ఆగింది.

నెవిల్ పరుగెత్తాడు.

"ఒక్క ఐదు నిమిషాలు... కొంచెం వెనక్కి తీస్తారా? ఐదే నిమిషాలు—"

బండి నడిపే అమ్మాయి అతని వంక చూసింది. వెళ్లి వెనక తలుపులు తెరిచింది.

లోపల ఒక ముసలాయన. సిరిల్ బ్రిస్టో.

ఎదురిల్లు ఆయనదే. భార్య ఐడా గుమ్మంలో నిలబడి, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంటోంది. కారు తీయమని అడగడానికి వెళ్లిన రోజు ఆమే తలుపు తీసింది. 'మాకు కారు లేదు నాయనా, ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు' అంది. కారు లేదన్న ముక్కే నెవిల్ చెవికెక్కింది. తలూపి పక్కింటికి వెళ్లాడు.

ఆస్పత్రివాళ్లు చేయగలిగిందంతా అయిపోయింది. ఇంటికి తీసుకెళ్లమన్నారు.

అంతే.

చక్రాల మంచం దించారు. సిరిల్ కళ్లు ఆకాశం చూశాయి. వీధివైపు తిరిగాయి. ఆగిపోయాయి.

"ఐడా... కార్లేవే?"

ఆమె నెవిల్ వంక చూసింది.

"డబ్బాల్లేవు. బోర్డుల్లేవు." ఆయన తల కొంచెం ఎత్తాడు. "ఇది మా అమ్మ ఉన్నప్పటి వీధే! అచ్చం ఇలాగే ఉండేది, పొద్దున్నే పాలబండి రాకముందు. ఆ గేటు దూకేసి, మఠం నడవాలో మేజోళ్లతో జారేవాళ్లం. మఠాన్ని ఇల్లు చేసుకున్న దొరసాని కుక్కల్ని ఉసిగొల్పేది." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అడిగాడు. "ఎవరు చేశారే ఇదంతా? నాకోసమా?"

నెవిల్ నోరు తెరిచాడు.

"ఇంకెవరికోసం?" అంది ఐడా. "నువ్వొస్తున్నావని ఊరంతా కలిసి తీసేశారు. ఈ అబ్బాయే దగ్గరుండి తీయించాడు."

సిరిల్ చెయ్యి చాపాడు. నెవిల్ పట్టుకున్నాడు. ఆ చేతికి బరువు లేదు. గోడల మీద తేనెరంగు వెలుగు — కాసేపు ఉంది. పోయింది. నెవిల్ తిరిగి చూడలేదు.

వీధివైపు కిటికీ పక్కన మంచం వేశారు. ఒక కొస అతనే పట్టాడు.

పది కావస్తోంది.

"గ్లెండా గారూ, వ్యాను తేకండి."

"వెలుగు పోయిందిగా! ఇంకా ఏం తీస్తావు?"

"నేనేం తీయను. సిరిల్ గారు చూస్తున్నారు."

జరిగింది చెప్పాడు. అంబులెన్సుని వెనక్కి తీయమన్నది కూడా చెప్పాడు. గ్లెండా ఆ కిటికీ వంక చూసింది.

"నాకు సైకిలు నేర్పింది ఆయనే," అంది. "పడ్డప్పుడల్లా నవ్వేవాడు, వెధవ."

కోటు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగింది. తిట్టుకుంటూ తిరిగింది.

మధ్యాహ్నం దాటింది. వీధి ఖాళీగా ఉంది. పీపాల్ని వంతెన దగ్గర్నుంచి దొర్లించుకుంటూ తెచ్చారు. మఠం చూడవచ్చినవాళ్లని అక్కడే ఆపి నడిచి రమ్మన్నారు. ఎవరో తెలియకపోయినా, కిటికీలో ముసలాయన చెయ్యి ఊపితే తామూ ఊపారు. పబ్బు పిల్లి దారి నడిమధ్యన వెల్లకిలా పడి నిద్రపోయింది. దాన్ని లేపడానికి ఏ బండీ రాలేదు.

సిరిల్ చూస్తూనే ఉన్నాడు.

మునిమాపువేళ ఐడా బయటికొచ్చింది. చెంప కింద అరచెయ్యి పెట్టుకుని చూపించింది — నిద్రపోయాడు.

తెల్లారితే సోమవారం. పనులకి పోవాలి. బళ్లు రావాలి.

ఆ రాత్రే వచ్చాయి. ఇంజన్ల చప్పుడు లేకుండా. దీపాలు లేకుండా. ఒక్కో బండినీ నలుగురు పట్టి తోశారు. గ్లెండా స్టీరింగు దగ్గర కూర్చుంటే, నెవిల్ వ్యాను వెనక భుజం ఆనించాడు.

"మరి నీ పుస్తకం?" గుసగుసగా అడిగింది.

"ముందు చూసుకోండి, గుద్దేస్తారు."

సిరిల్ కిటికీ ఎదురుగా చక్రం ఏ రాతికో తట్టుకుంది. వ్యాను కిర్రుమంది. చీకటి అద్దం వెనక ఏదో తెల్లగా కదిలింది... తెరో, చెయ్యో.

అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

తర్వాత, మెల్లిగా, మళ్లీ తోశారు.