ఒకే కుండ బియ్యం

చైనాలో హునాన్ కొండల కింద వరి పూత మీదున్నప్పుడు సీసం ఫ్యాక్టరీ పొగ చేలమీదికి దిగింది. తెల్లారేసరికి ఆకుల కొసలు సెగ తగిలినట్టు మాడిపోయాయి. వెన్నులు వచ్చాయిగాని, నొక్కి చూస్తే సగం తాలే.

"పొగ కాదన్నా, అగ్గితెగులు," అన్నాడు ఊరిపెద్ద యావ్‌బిన్, దెహాయ్‌తో. "గింజలు పరీక్ష చేయించాను. హాయిగా తినొచ్చు."

దెహాయ్ నమ్మాడు. సొంత చిన్నాన్న కొడుకాయె. ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంటామని లేచిన కుర్రకారును ఇంటింటికీ తిరిగి తనే ఆపాడు.

కొత్తబియ్యం పండుగ వచ్చింది. ఆ రోజు ప్రతి ఇల్లూ తన చేని బియ్యం దోసెడు తెస్తుంది. ఊరంతటికీ ఒకే కుండ. మొదటి ముద్ద కుక్కకు. పూర్వం వరదలో వడ్లగింజలను తోకకు అంటించుకుని మనిషికి తెచ్చిచ్చింది అదేనట.

బియ్యం పోయించుకుంటున్న దెహాయ్ భార్య చ్యూలియన్ యావ్‌బిన్ దోసిలి దగ్గర ఆగిపోయింది. అందరివీ సున్నంలా పాలిపోయిన నూకలు. అతనివి పొడుగ్గా నిగనిగలాడుతున్నాయి.

"ఏం మరిదీ, నీ చేనికి గొడుగు పట్టావా? పొగ నిన్ను చూసి పక్కకు తప్పుకుందా?"

జనం గొల్లున నవ్వారు. యావ్‌బిన్ భార్య తలొంచుకుంది. "తొందరలో పట్నం బియ్యం సంచిలోంచి తీశానక్కా... ఇంట్లో పిల్లలున్నారు కదా, ఇక్కడివి వండొద్దన్నారాయన."

నవ్వులు తెగిపోయాయి.

"మా ఇళ్ళలో ఉన్నది పిల్లలు కాదూ?" అంది చ్యూలియన్.

కుర్రాళ్ళు యావ్‌బిన్ చొక్కా పట్టుకున్నారు. దెహాయ్ అడ్డం వెళ్ళాడు.

"వదలండ్రా. వీణ్ణి తంతే పొగ ఆగుతుందా? మిమ్మల్ని ఆపినవాణ్ణి నేనే, ముందు నడిచేదీ నేనే. కుండ ఎత్తండి!"

ఆ యేడు కుక్కకు ముద్ద పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఖనిజం లారీలు వెళ్ళే గేటు ముందు రాళ్ళు పేర్చి కుండ ఎక్కించారు. ఊరు ఊరంతా దారిమీద కూర్చుంది. మేనేజరు బయటికొచ్చాడు.

"బియ్యంలో దోషం లేదని తేలింది కదా, ఏమిటీ గొడవ?"

చ్యూలియన్ అన్నం గిన్నె చాచింది. "అయితే తినండి బాబూ."

ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. వాళ్ళ బండిలోంచే దిగిన యావ్‌బిన్ వేలు చాపాడు. "వీడే." అన్నా అన్న పిలుపు కూడా మిగల్లేదు. దెహాయ్ ఆ వేలివంకే చూస్తుండిపోయాడు.

ఎండకు సోలిపోతున్న ముసలి పోలీసొకడు అన్నం గిన్నె అందుకోబోయాడు. దెహాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు అన్నా. ఇంటికెళ్ళి మంచన్నం తిను." సంకెళ్ళు వేసేటప్పుడు ఆ పోలీసు, ఇనుము ఒరుసుకోకుండా దెహాయ్ చొక్కా చేతిని మణికట్టుదాకా లాగాడు.

బండి కదలబోయింది. చ్యూలియన్ చక్రాల ముందు కూర్చుంది. ఆమె పక్కన మరొకామె వచ్చి చతికిలబడింది. యావ్‌బిన్ భార్య.

"లే! నా పరువు తీస్తున్నావ్!" అని అరిచాడు యావ్‌బిన్.

ఆమె మోకాళ్ళను చేతులతో చుట్టుకుని, ఇంకాస్త ముందుకు జరిగింది.

"నువ్వెళ్ళి ఆ ఫ్యాక్టరీ కొలిమి ఆపించు. అప్పుడు లేస్తా."