టేపు చివరి నిమిషం

సంగీత విభాగంలో డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం కావాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నూట ఇరవై క్రెడిట్లు, ఒక కచేరీ, ఒక పరాయి భాషలో పరీక్ష. జనం పాటల్ని సేకరించి చదివే, ఎథ్నోమ్యూజికాలజీ అని నోరు తిరగని పేరున్న శాఖవాళ్ళకు పైగా ఇంకొకటి: స్వయంగా వెళ్ళి రికార్డు చేసుకొచ్చిన అరగంట పాట. ఇవన్నీ ఉన్నాయో లేదో చూసి ఫైలు మీద ముద్ర వేయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ డిగ్రీలన్నిటికీ ముద్రలు కొడుతున్నాను. నాకు మాత్రం డిగ్రీ లేదు.

ఎందుకు లేదంటే, ఆ అరగంట పాట దగ్గరే ఆగిపోయింది.

మా అమ్మమ్మ దర్జీ. ముప్పై కుట్టుమిషన్లున్న షెడ్డులో సగం జీవితం గడిపింది. అక్కడి ఆడవాళ్ళు పెడలు తొక్కుతూ ఆ లయకే పాటలు కట్టుకున్నారు. మేస్త్రీని తిట్టేవి, నడుం నొప్పి మీద కట్టినవి, ఒకటి రెండు చెవులు మూసుకోవాల్సినవి. షెడ్డు మూతపడ్డాక ఆ పాటలన్నీ వచ్చినది అమ్మమ్మ ఒక్కతే. నేను క్యాసెట్ రికార్డరు పట్టుకుని ఆవిడ మిషను పక్కన కూర్చున్నాను.

పాటకు ముందు తేదీ, చోటు, పాడినవాళ్ళెవరు, రికార్డు చేసిన విద్యార్థి హాజరు నంబరు ఎంత అన్నది చెప్పాలి. శాఖలో అందరి పద్ధతీ అదే. అమ్మమ్మ ఆగితేగా! సూదిలోకి దారం ఎక్కిందంటే పాట మొదలైపోయినట్టే.

"నీ చదువు నువ్వు చదువుకో. నాకు చేతినిండా పనుంది" అనేది.

అందుకని నేను చెప్పాల్సింది చివర్లో చెప్పాను. పాటయ్యాక ఆవిడ లేచి మంచినీళ్ళు తాగి వచ్చేదాకా టేపు తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత చెప్పాను.

మా ప్రొఫెసరుగారు నా ఫైల్లో ఆ టేపు గురించి ఒకే ముక్క రాశారు: 'మొత్తం విన్నాను. ప్రమాణాలకు తగదు.' మళ్ళీ రికార్డు చేద్దామంటే అప్పటికే అమ్మమ్మకు మాట పడిపోయింది. నాలుగు నెలలకు పోయింది. నా గడువూ పోయింది. కనీసం ఆ టేపైనా ఇవ్వండి సార్, ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదని అడిగాను.

"అవన్నీ చెత్తలో పోయాయమ్మాయ్" అన్నారాయన, పేపరు మీంచి తలెత్తకుండా.

పైగా జాలిపడి ఈ గుమాస్తా ఉద్యోగం ఇప్పించారు. పుండు మీద కారం చల్లడమంటే అదే. చేరాను, తిండి కావాలి కదా. ఆయన విభాగాధిపతి అయ్యారు. నేను రోజూ ఆయనకు ఫైళ్ళు అందిస్తూ, కోపాన్ని కడుపులోనే పెట్టుకుని బతికాను.

పోయిన నెల ఆయన అల్లుడి ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. డిగ్రీ వస్తే ఇదే విభాగంలో కుర్చీ సిద్ధంగా ఉందని అందరికీ తెలుసు. రికార్డింగు సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

కుట్టుమిషను చప్పుడు. ఆ వెంటనే మా అమ్మమ్మ.

ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఏడుపు ఆగాక కాగితం చూశాను. 'పాడినవారు: పేరు తెలియని వృద్ధురాలు. సేకరణ: నేను, మూడేళ్ళ క్రితం.' అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తాడని విన్నాం గానీ, మా అమ్మమ్మ సొమ్ముతో ఈ అల్లుడు కుర్చీ ఎక్కబోతున్నాడు! చివరిదాకా విన్నాను. చివరి నిమిషం చెక్కుచెదరకుండా ఉంది. మామాఅల్లుళ్ళు నా నంబరు కోసం టేపు మొదట్లో వెతికి ఉంటారు. అక్కడ ఏమీ లేదని నిశ్చింతగా ఊరుకున్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఆయనకే చెప్పాలి. ఒక కాపీ ఇంటికి తీసుకెళ్ళి, ఫైలు మీద 'అన్నీ ఉన్నాయి' అని ముద్ర వేశాను.

మౌఖిక పరీక్షకు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అల్లుడి పరీక్షలో మామ కూర్చోకూడదన్న నిబంధన లేదు. నిబంధనలు రాసింది మామే. రికార్డింగు వినిపించడం నా పని. రెండు నిమిషాలయ్యాయో లేదో ప్రొఫెసరుగారు చెయ్యెత్తారు.

"చాలు, ఆపేయ్ అమ్మాయ్."

"పన్నెండో నిబంధన సార్. చివరిదాకా వినిపించాలి. కింద మీ సంతకమే ఉంది."

"వినిపించండి" అంది పెద్దావిడ.

అరగంట విన్నారు. మేస్త్రీ మీసాల పాటకు పెద్దావిడ పకపకా నవ్వింది. మిషను ఆగింది. కత్తెర చప్పుడైంది. చెప్పులు దూరంగా వెళ్ళాయి. అల్లుడు ఆపబోతే పెద్దావిడ "ఉండండి, ఇంకా తిరుగుతోంది" అంది.

"అయిందా నీ గోల?" అంది అమ్మమ్మ.

"ఒక్క నిమిషం అమ్మమ్మా!" ఇరవై రెండేళ్ళ గొంతు, నవ్వుతూ. పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీ చెప్పింది. "చోటు, మా ఇంటి ముందుగది. పాడింది మా అమ్మమ్మ, దర్జీ. రికార్డు చేసింది హాజరు నంబరు నలభై ఒకటి."

అల్లుడు తేలుకుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"నలభై ఒకటి ఎవరు?" అంది పెద్దావిడ.

"నేనేనండి." లేచి, నా పాత ఫైలు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని 'మొత్తం విన్నాను. ప్రమాణాలకు తగదు' అన్న ముక్క పైకే చదివింది. తర్వాత ప్రొఫెసరుగారి వైపు తిరిగింది.

"అప్పుడు మొత్తం విన్నారా మీరు?"

విన్నానంటే ఆ గొంతు ఎవరిదో తెలిసే దొంగిలించినట్టు. వినలేదంటే ఆ రోజు రాసింది పచ్చి అబద్ధం. ఆయన మంచినీళ్ళ కోసం చూశారు. నేను ఇవ్వలేదు.

అల్లుడికి డిగ్రీ ఇవ్వకూడదని పెద్దావిడ అక్కడికక్కడే రాసింది. నా ఫైలు తిరిగి తెరవాలని కూడా రాసింది. సాయంత్రం ప్రొఫెసరుగారు నా బల్ల దగ్గర నిలబడ్డారు. కూర్చోమని నేను అనలేదు.

"మా అమ్మాయి మొహం చూసైనా... ఏదో పొరపాటని నువ్వొక్క మాట చెబితే..."

"ప్రమాణాలకు తగదు సార్" అన్నాను, కాగితం మీంచి తలెత్తకుండా.

పాపం అనిపించలేదా అంటారేమో. లేదు. హాయిగా ఉంది. ఆ హాయిలోనే నా దరఖాస్తు నింపాను. పాడినవారి గడిలో మా అమ్మమ్మ పేరు గుండ్రంగా రాశాను. ఆఖరి గడి, పద్దెనిమిదేళ్ళ ఆలస్యానికి కారణం. అందులో రాశాను: 'పరీక్షకుడు చివరిదాకా వినలేదు.'