కదలకు, వెలుగు పోతుంది

పైగా గోరొకటి, ఫోటో మీద గోరు పెట్టి మరీ చూపిస్తున్నాడు ఈ పెద్దాయన, ఎప్పుడో పత్రికలో ఫోటోలు తీసి రిటైరైనందుకు ఈ ఫోటోగ్రఫీ క్లబ్బులో ఎవరి ఫోటోనైనా గీకే హక్కు తనకుందనుకుంటాడు, మూల చీకటెక్కువైంది, కర్టెను కంటికి అడ్డం, అబ్బో, అడ్డమట, వారం వారం ఈ బల్ల చుట్టూ చేరి ఒకరి ఫోటో ఒకరు పీక్కుతినడమే గాని వీళ్ళలో ఒక్కడైనా ఈ మధ్య కొత్తగా తీసి ఏడ్చాడా, అని అతను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు, నోరు విప్పడానికి లేదు, అదొక దిక్కుమాలిన రూలు, అందరూ చెప్పడం అయ్యేదాకా ఫోటో తీసినవాడు పెదవి కదపకూడదు, సలహా కావాలని వచ్చావుగా, విను మరి, అంటాడు పెద్దాయన, పక్కనున్న బట్టతల అకౌంటెంటు ఊఁ ఊఁ అని తలూపుతాడు, వీడికేం తెలుసని ఊపుతున్నాడు, పోయిన వారం వీడు తెచ్చిన కుక్క ఫోటోలో చెవులే పడలేదు.

తిట్టనీ, ఎంత తిట్టినా పడతాడు, ఇది క్లబ్బు ఎగ్జిబిషన్‌కి ఎంపికైతే చాలు, భార్యకి ఫోన్ చేసి నీ ఫోటో గోడకెక్కింది, ఒక్కసారి వచ్చి చూసి పో అనొచ్చు, వాళ్ళక్క ఇంటికెళ్ళి నెలలవుతోంది, ఎందుకెళ్ళిందంటే చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టిందండీ అంది, ఏం చెప్పిందని, ఎప్పుడు చెప్పిందని, ఫోన్ చేస్తే వదినగారు ఎత్తుతుంది, అది పడుకుంది బాబూ, పట్టపగలు పడకేమిటండీ అంటే టక్కున పెట్టేస్తుంది, అందరూ ఒక్కటయ్యారు, అక్కడ వాళ్ళు, ఇక్కడ వీళ్ళు, కానీ ఈ ఫోటో చూస్తే ఆమె కరుగుతుంది, వంటింటి కిటికీ దగ్గర పళ్ళెం తుడుస్తూ నిలబడింది, చెంప మీద సాయంత్రపు ఎండ, ఇంత అందంగా నన్ను చూశారా అనుకోదూ, అందుకేగా కింద ప్రశాంతత అని పేరు కూడా రాశాడు.

ప్రశాంతతా, అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ బట్ట చూడవయ్యా, ఎలా నలిపి పట్టుకుందో, ఆ దవడ చూడు, ఈవిడ ఏదో చెప్పబోయి మింగేసినట్టుంది, దీనికి ముందు తీసినవి ఉన్నాయా, దీనికి మాత్రం జవాబు చెప్పు. ముసలాడి ముక్కు మీద ఒక్కటి గుద్దాలనిపించింది, నా భార్య దవడ సంగతి నీకెందుకురా అనాలనిపించింది, ఉండేవండీ అన్నాడు, బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఓ పది పడ్డాయి, తీసేశాను. ఎందుకు తీసేశావు. నోరు తెరిచి ఉందండీ, అన్నింట్లోనూ, బాగా రాలేదు. అకౌంటెంటు కిసుక్కున నవ్వాడు, పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఫోటోని మెల్లగా అతని వైపు తిప్పి పెట్టాడు.

ఏమండీ, మీతో ఒక మాట, అవును, ఆ సాయంత్రం ఆమె ఆ మాటతోనే మొదలుపెట్టింది, కదలకు, వెలుగు పోతుంది అన్నాడు అతను, తను పనిచేసే ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పొద్దస్తమానం వచ్చినవాళ్ళందరికీ చెప్పినట్టే, కదలకండి, ఊపిరి బిగబట్టండి, అక్కడ తర్వాత ఇక వదలండి అంటాడు, ఇంట్లో ఆ మాట అన్నాడా, అనలేదు, ఫోటోలు చూసుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు, సోఫాలో కూర్చుని బొటనవేలితో ఒక్కొక్కటే చెరిపేశాడు, ఇందులో పళ్ళు కనిపిస్తున్నాయి, ఇందులో పెదవి వంకర పోయింది, ఇందులో కళ్ళు నీళ్ళతో మెరిసి ముఖమంతా పాడైంది, నీళ్ళు, అప్పుడు కూడా పాడైందనే అనుకున్నాడు, ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు, ఇప్పుడిక మాట్లాడొచ్చు అంటున్నాడు పెద్దాయన, చెరిపేసిన ప్రతి ఫోటోలోనూ ఆమె అతనితో మాట్లాడుతూనే ఉంది, ఇక లాభం లేదని నోరు మూసుకున్న ఆ ఒక్కటే అతనికి నచ్చింది.